పాక కప్పూ, పైన ఆకాశమూ

మన బాపట్లలో జనవరి తెల్లవారుజామున చలి ఎంతంటే, సగటున 17, 18 డిగ్రీల దగ్గర. లంబసింగి వాళ్లు ఈ మాట వింటే ఫక్కున నవ్వుతారు. వాళ్లకు కొన్ని రోజులు సున్నా దగ్గరికి దిగుతుంది మరి. అయినా ధనుర్మాసంలో రేపల్లెలో తొలి బస్సు ఎక్కేవాళ్లను చూడండి. మఫ్లరు చెవులకు బిగించి, చేతులు చంకల్లో దోపుకుని, పలకరిస్తే తల ఊపడమే తప్ప మాట ఉండదు. మనవి ఎండలకు అలవాటు పడిన ఒళ్లు. పైగా కృష్ణా పడమటి డెల్టా అంటే కాలవలు, చేలు, చెరువులు, ఆ పక్కనే సముద్రం. గాలిలో తేమ ఎక్కువ. కప్పుకున్న దుప్పటి కూడా తెల్లారేసరికి చెమ్మగిల్లుతుంది. కదలని గాలితో పోలిస్తే నీరు వేడిని పాతిక రెట్లు బాగా లాగేస్తుంది. చెమ్మ దుప్పటి కప్పుకున్నా ఒకటే, కప్పుకోకపోయినా ఒకటే అని అనను గానీ, సగం అంతే.

తెనాలిలో శ్లాబు ఇంట్లో పడుకుని చలి చలి అనేవాళ్ల గోల నేను పెద్దగా పట్టించుకోను. పగలంతా ఎండ తాగిన శ్లాబు, ఇటుక గోడలు అర్ధరాత్రి దాటేదాకా ఆ వేడిని లోపలికి వదులుతూనే ఉంటాయి. కిటికీ మూసుకుంటే వాళ్ల పని అయిపోయింది. అసలు చలి తినేది కాపలా పాకల్లో పడుకునేవాళ్లు. నిజాంపట్నం, రేపల్లె వైపు రొయ్యల చెరువు గట్ల మీద ఈ పాకలు మీరు చూసే ఉంటారు. నాలుగు సరుగుడు కర్రలు, పైన నీలం పట్టా, లోపల ఒక మంచం, తలాపున టార్చిలైటు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోడానికి రాత్రంతా మనిషి ఉండాల్సిందే. తెనాలి చుట్టుపక్కల వరి కుప్పల దగ్గరా ఇలాంటి పాకలు ఉండేవి. కోత మిషన్లు వచ్చాక కుప్పలూ తగ్గాయి, కాపలాలూ తగ్గాయి. చెరువుల దగ్గర మాత్రం పెరిగాయి.

"అందులో హీటర్ పెట్టొచ్చుగా తాతయ్యా?" అంటుంది మా మనవరాలు. హైదరాబాదు పిల్ల.

పెట్టొచ్చు అమ్మలూ. కానీ అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ముందు చిల్లెక్కడుందో చూడాలి. అసలు ఆ పాకలో హీటరు ఎప్పుడూ ఒకటి ఉంటుంది, లోపల పడుకున్న మనిషే. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. నిద్రలో అయితే 70, 80. పాడిగేదె ఒంటి నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. వెనకటి ముసలాళ్లు చలికాలం గొడ్ల చావిట్లో ఓ మూల మంచం వేసుకునేది ఊరికే కాదు.

చలి అనేది ఎక్కడినుంచో వచ్చి లోపల దూరే వస్తువు కాదు. మన వేడి పోవడమే చలి. పోయే దారులు మూడు. తగిలిన వస్తువులోకి పాకుతుంది, గాలితో కొట్టుకుపోతుంది. ఈ రెండూ అందరికీ తెలుసు, అందుకే తడిక కడతారు, బొంత వేస్తారు. మూడోది కంటికి కనపడదు. మన డెల్టా పాకకు పెద్ద చిల్లు అదే, అది నెత్తిమీద ఉంది.

ఆరుబయట ఉన్న నేల, గడ్డి, పాక కప్పు, మన ముఖం, అన్నీ రాత్రంతా వేడిని కిరణాలుగా పైకి పంపుతూనే ఉంటాయి. కంటికి ఆనని పరారుణ కిరణాలవి. 20 డిగ్రీల దగ్గరున్న గడ్డినేల చదరపు మీటరుకు 400 వాట్ల దాకా పైకి పంపుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కలిసి అందులో చాలావరకు మళ్లీ కిందికి పంపుతాయి. మబ్బు ఉంటే మబ్బూ పంపుతుంది. మబ్బులేని రాత్రి తిరిగి వచ్చేది తగ్గిపోతుంది. జమా ఖర్చులు చూస్తే చదరపు మీటరుకు 50 నుంచి 100 వాట్ల దాకా నష్టం తేలుతుంది. ఇప్పుడు పాక లెక్క వేయండి. రెండు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు కప్పు అంటే నాలుగు చదరపు మీటర్లు. అది ఆకాశానికి పంపేది 200 నుంచి 400 వాట్లు. లోపలి మనిషి ఇచ్చేది 80. మిగతాది ఆ కప్పు చుట్టూ ఉన్న గాలి దగ్గర లాక్కుంటుంది. ఆ లాక్కోవడం చాలకే, కప్పు గాలికంటే చల్లబడిపోయి దాని మీద మంచు పడుతుంది. కార్తీకంలో తుఫాను మబ్బు కమ్మిన రాత్రులు ఉక్కగా ఉండి, ఆకాశం తేటపడిన మర్నాటి నుంచే చలి మొదలవడం కూడా అందుకే.

దీన్ని పట్టుకున్నవాడు విలియం చార్లెస్ వెల్స్ అని లండన్‌లో ఒక డాక్టరు. 1814లో మంచు గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన ప్రయోగం వింటే ముచ్చటేస్తుంది. గడ్డిలో నాలుగు పుల్లలు పాతి, ఆరు అంగుళాల ఎత్తున ఒక చేతిరుమాలు పరిచాడు. పక్కలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, గాలికి అడ్డం లేదు. అయినా రుమాలు కింద గడ్డి పక్కన ఉన్న గడ్డికంటే వెచ్చగా ఉంది! పల్చటి గుడ్డ చేసిన పనల్లా గడ్డికీ ఆకాశానికీ మధ్య నిలబడటమే. ఈ పనికి ఆయనకు రాయల్ సొసైటీ వాళ్లు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చారు.

మనదేశపు ముచ్చట కూడా ఇందులో ఉంది. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు దొర, అలహాబాదులో ఐసు తయారుచేయడం గురించి రాశాడు. ఆరుబయట గుంటలో ఎండిన చెరుకు గానీ మొక్కజొన్న చొప్ప గానీ మందంగా పరిచి, మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి వదిలేస్తే, గాలిలో నీళ్లు గడ్డకట్టేంత చలి లేకపోయినా తెల్లారేసరికి పెంకులా గడ్డకట్టేదట. అడుగున ఆ చొప్ప ఎందుకు? నేలలోని వెచ్చదనం మూకుడుకు అందకుండా. అంటే నేల మనకు వేడి ఇచ్చే పక్షం, ఆకాశం లాక్కునే పక్షం. మన నూతినీళ్లు చూడండి. కొన్ని మీటర్ల లోతున నేల ఏడాది సగటు ఉష్ణోగ్రతలోనే ఉండిపోతుంది, మన వైపు అది 27, 28 డిగ్రీలు. అందుకే పుష్యమాసంలో తోడిన నీళ్లు వెచ్చగా తగిలి పొగలు కక్కుతాయి.

ఇక నీలం పట్టా సంగతి. వానకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, చలికి అంత కాదు. పల్చటి పాలిథిన్‌లో గమ్మత్తైన గుణం ఉంది. ఈ పరారుణ కిరణాల్ని చాలావరకు తనలోంచి దాటిపోనిస్తుంది. వెల్స్ గారి రుమాలు చేసిన పనిని పల్చటి కవరు సరిగ్గా చేయలేదన్నమాట. మందం ఉన్న పట్టా కొంత నయం, కానీ దానికీ లోపల గాలి పొర లేదు. అదే చల్లబడి, పడుకున్నవాడి ఊపిరి దానికే చెమ్మగా పట్టి, నాలుగింటికి చుక్క చుక్కగా ముఖం మీద పడుతుంది. రేకుల పాకలోనూ ఇదే తంతు.

తాటాకు కప్పు, జమ్ము కప్పు, వరిగడ్డి కప్పు ఇలా చేయవు. వరిగడ్డి పోచ లోపల బోలు. పోచకీ పోచకీ మధ్య కూడా గాలి ఇరుక్కుని కదలకుండా ఉంటుంది. వెచ్చదనం అంతా ఆ కదలని గాలిదే. బొచ్చుకైనా దూదికైనా ఇదే రహస్యమని తేల్చింది కౌంట్ రమ్‌ఫర్డ్. బవేరియాలో సైనికుల బట్టల గొడవ చూస్తూ, ఏ గుడ్డ ఎంత వేడి ఆపుతుందో కొలిచి, 1792లో కాప్లీ పతకం కొట్టేశాడు. వెల్స్‌కు వచ్చిన పతకం పెట్టిందీ ఈయనే. కాంక్రీటుతో పోలిస్తే ఎండుగడ్డి వేడిని ఇరవయ్యో వంతు కూడా దాటనివ్వదు. జానెడు మందం కప్పు వేస్తే బయటి పొర ఆకాశానికి ఎంత చల్లబడినా లోపలి పొరకు ఆ కబురు అందదు. లోపలి మనిషికి పైన కనపడేది ఆకాశం కాదు, వెచ్చటి గడ్డి.

బాపట్ల తీరంలో వెనకటి చుట్టిళ్లు చూసినవాళ్లకు ఇంకో లెక్క. నూరు చదరపు అడుగుల నలుచదరం గదికి చుట్టూ నలభై అడుగుల గోడ కావాలి. అంతే చోటుకు గుండ్రంగా కడితే ముప్ఫై అయిదున్నర అడుగులు చాలు. గోడ తగ్గితే వేడి పోయే చోటూ తగ్గింది. చూరు నడుం ఎత్తుకు దిగి ఉంటుంది కాబట్టి గాలి గోడను తాకదు. కట్టినవాళ్లు తుఫాను గాలికి భయపడి అలా కట్టారు, చలి లాభం కొసరుగా వచ్చింది.

చెరువు గట్టు మీద అంత ఇల్లు ఎవరు కడతారు? అక్కర్లేదు. ఉన్న పట్టా విప్పకుండా దాని మీద బెత్తెడు మందాన ఎండుగడ్డి పరిచి, పైన ఇంకో పట్టా లాగి కట్టండి. వాన గడ్డిని తడపదు, గడ్డి మనిషిని చల్లబడనివ్వదు. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు పోతుంది, కాబట్టి ఊరివైపు తడిక మూసి, గుమ్మం అవతలి వైపు పెట్టండి. గాలితో పోలిస్తే చెరువునీరు రాత్రిపూట వెచ్చగానే ఉంటుంది. దానివైపు గుమ్మం ఉన్నా నష్టం లేదు.

నేల వెచ్చనిది అన్నాను గదా అని గడ్డి పరుచుకుని నేల మీద పడుకునేరు! కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నిద్రపోయేవాడి పక్కలోకే వస్తుంది. మంచమే మంచిది, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి మరీ. కానీ నులకమంచానికి ఒక లోటుంది, కింద గాలి ఆడుతుంది. మూడు దుప్పట్లు కప్పుకుని అడుగున ఏమీ వేసుకోకుండా వణికేవాళ్లను ఎంతమందినో చూశాను. ఒక బొంత కప్పుకుంటే ఒక బొంత పరుచుకోండి. మంచం చుట్టూ గోనెపట్టాలు వేలాడదీస్తే కింద గాలి కూడా ఆగిపోతుంది. దుప్పట్లు మధ్యాహ్నం ఎండలో వేసి పొద్దుగుంకకముందే తీయండి. పొద్దుపోయాక తీస్తే మంచు తాగేసి ఉంటాయి.

చివరగా నిప్పు. భోగిమంట దగ్గర ముందువైపు కాలుతుంటే వీపు చలేస్తుంది, కిరణాలు సూటిగా వస్తాయి కాబట్టి. నెగడు పాక బయట, గాలి పోయే వైపు, గడ్డికి దూరంగా వేసుకుని కాచుకోండి, వద్దనను. కుంపటి మాత్రం లోపలికి తేవద్దు. పొగ లేదు, బొగ్గులు ఎర్రగా ఉన్నాయి, ఏం కాదులే అనుకుంటారు. ఆ ఎర్రటి బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే అది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత లేవరు. కరెంటు పోయినప్పుడు ఏరేటర్లకు వేసే డీజిల్ జనరేటరు పొగలోనూ ఇదే విషం ఉంటుంది. దాన్ని పాక గుమ్మం ముందు పెట్టకండి. చెరువు యజమానులకు నేను చెప్పేది ఒక్కటే. మీ కాపలావాడికి ఈ ఏడు కుంపటి కొనివ్వకండి, ఒక బండి ఎండుగడ్డీ, రెండో పట్టా, రెండో బొంతా ఇప్పించండి.