పొగడ్తలు కొండంత... చూస్తే ఇంతేనా!

'అద్భుతం... చూసి తీరాల్సిందే' అని పదిమందీ చెప్పాక టీవీ ముందు కూర్చుంటాం. అరగంట గడిచేసరికి 'ఇంతేనా' అనిపిస్తుంది. జపాన్ యానిమేలతో చాలా ఇళ్లలో ఇదే తంతు. ఆ యానిమే రామకథే అయి, చూసేవాళ్లది భద్రాద్రి చుట్టుపక్కల ఊరైతే? ఆ నిరాశే వేరు!

'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. జపాన్‌కు చెందిన యుగో సాకో మనసుపడి తీసిన యానిమేషన్ చిత్రం. రామాయణంతో ముడిపడిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ కోసం 1983లో మనదేశానికి వచ్చినప్పుడు ఈ కథ ఆయన్ని కట్టిపడేసింది. మన యానిమేషన్‌కు పెద్దదిక్కు రామ్‌మోహన్, జపాన్ దర్శకుడు కోయిచి ససాకి తోడయ్యారు. సుమారు 450 మంది కళాకారులు చేత్తో బొమ్మలు గీస్తే 1992 నాటికి పూర్తయింది. 1993 జనవరిలో ఢిల్లీ చలనచిత్రోత్సవంలో చూపించారు. కానీ అయోధ్య పరిణామాల తర్వాతి ఉద్రిక్త వాతావరణంలో థియేటర్లకు సరిగా రాలేకపోయింది. ఆ తర్వాత కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసిన పిల్లలే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పాతికేళ్లుగా ఆ పొగడ్తలు పెరుగుతూనే ఉన్నాయి. చివరికి 2025 జనవరి 24న 4కె హంగులతో, తెలుగు మాటలతోనూ విడుదలైంది.

పర్ణశాల ఏదీ?
ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా అడవి దాటుకుంటూ వెళ్తే దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో భద్రాచలం. ఇక్కడివారికి రామాయణం పుస్తకంలో కథ కాదు, ఊళ్ల పేర్లు. జటాయువు నేలకొరిగింది 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాకలో అంటారు. బంగారులేడి కనిపించింది దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలలో అని చెబుతారు. సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులంటూ వాగు పక్కన రాళ్లనూ చూపిస్తారు. ఆ కళ్లతో తెరమీద 'మన గోదారి' కోసం వెతికితే జపాన్ కుంచెతో గీసిన అడవి కనిపిస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ మనది కాదు.

ఇక పెళ్లి! శ్రీరామనవమినాడు భద్రాద్రిలో రాములవారి కల్యాణం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు, వేలమంది జనం... ప్రతి ఘట్టమూ తీరిగ్గా సాగుతుంది. సినిమా మొత్తం రెండుంపావు గంటలే. యాగరక్షణ నుంచి రావణవధ దాకా అందులోనే ఇమడాలి. ఎక్కడా ఎక్కువసేపు నిలబడే వీల్లేదు. పైగా మన చెవులకు ఎన్టీఆర్ 'లవకుశ' పద్యాలు, మన కళ్లకు బాపు 'సంపూర్ణ రామాయణం' అలవాటు. పెద్దలు పెదవి విరిచారంటే విరవరూ మరి!

లోపం ఎక్కడ?
ఈ చిత్రాన్ని ఆకాశానికెత్తేవారిలో చాలామంది చిన్నప్పుడు చూసినవాళ్లే. వాళ్లకది వట్టి సినిమా కాదు. సెలవు రోజులూ, తోబుట్టువులతో పోట్లాడి సంపాదించిన రిమోటూ అన్నీ కలిసిన జ్ఞాపకం. ఇప్పుడు కొత్తగా చూసేవారికి ఆ జ్ఞాపకం ఎక్కడిది? సినిమా ఒక్కటే మిగులుతుంది. దీన్ని రామాయణం తెలియని దేశాలవారినీ దృష్టిలో పెట్టుకుని తీశారు. అందుకే కథంతా మొదట్నుంచీ విప్పి చెప్పారు. ఉగ్గుపాలతోనే ఆ కథ విన్న మనకు 'తెలిసిందేగా' అనిపించడంలో వింతేముంది!

అయితే నిరాశ అంతా చూసేవారి లోపమే అనుకోనక్కర్లేదు. 2019లో మెప్పు పొందిన 'ద ప్రామిస్డ్ నెవర్‌ల్యాండ్' సిరీస్ రెండో సీజన్ 2021లో వచ్చింది. అసలు బొమ్మల కథలోని ముఖ్య ఘట్టాలనే ఎగరగొట్టేసింది. అభిమానులు మండిపడ్డారంటే న్యాయమే. 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' సంగతి మరోలాంటిది. పోరాటాలతో సాగిన ఆ సిరీస్ 1996లో చివరి రెండు భాగాలకొచ్చేసరికి పాత్రల మనసుల్లోకి వెళ్లిపోయింది. ప్రేక్షకులు గోల పెట్టారు. 1997లో సినిమాగా మరో ముగింపు ఇచ్చారు. మొదటిది మాట తప్పడం, రెండోది మనం అనుకోని దారి పట్టడం. రామకథ యానిమే రెండో కోవలోకే వస్తుంది.

ముందు కథ చెప్పాలి!
ఇందుకు మందు భద్రాద్రి గుళ్లోనే ఉంది. మనకు తెలిసిన రాముడికి రెండు చేతులు. ఇక్కడి మూలవిరాట్టుకు నాలుగు. సీతమ్మేమో పక్కన నిలబడక ఎడమ తొడమీద కూర్చుని ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపోతారు కానీ నిరాశపడరు. ఎందుకంటే భద్రుడి తపస్సు, అతడికోసం వైకుంఠం నుంచి దిగివచ్చిన రాముడు... ఆ స్థలపురాణం ముందే చెవిన పడుతుంది. అది విన్నాక నాలుగు చేతుల రాముడూ మన రాముడే అవుతాడు.

పిల్లలు పెద్దలకు ఏదైనా యానిమే చూపించాలనుకున్నా, పెద్దలు పిల్లలకు పాత సినిమా చూపించాలనుకున్నా ఇదే పద్ధతి మంచిది. 'సూపర్' అని ఊరించేకన్నా, ఎవరు తీశారో, ఎవరికోసం తీశారో రెండు ముక్కలు చెప్పండి. అప్పుడిక నచ్చలేదన్నా తగవులుండవు. ఎందుకు నచ్చలేదో కాసేపు కబుర్లు చెప్పుకోవచ్చు!