కొమ్మను దించే తాడు: తెగే బలం ఒక్కటే కొలమానం కాదు

ఉత్తర తెలంగాణలో మామిడి అనగానే పూర్వపు కరీంనగర్ జిల్లాలోని జగిత్యాల ప్రాంతం, అక్కడి చల్‌గల్ మార్కెట్ గుర్తుకు వస్తాయి. వయసు మళ్లి, కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన తోటలకు పునరుద్ధరణ కత్తిరింపులను శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఏ కొమ్మను ఎక్కడ కోయాలో, కోసిన చోట ఏ మందు పూయాలో రైతుకు వివరిస్తారు. కోసిన కొమ్మను నేలకు దించే తాడు ప్రస్తావన మాత్రం అరుదు. అదుపు లేకుండా పడిన కొమ్మ మాను బెరడును చీల్చుతుంది, ఉంచదలచిన కింది కొమ్మలను విరుస్తుంది, కింద నిలిచిన కూలీ ప్రాణానికే ముప్పు తెస్తుంది. ఆదిలాబాద్ పల్లెల్లో గూన పెంకుల ఇళ్ల మీదికి వాలిన వేప, చింత కొమ్మలను తొలగించేటప్పుడూ ఇదే సమస్య ఎదురవుతుంది.

బరువు వేరు, కుదుపు వేరు

25 సెం.మీ. వ్యాసం, 3 మీటర్ల పొడవు గల పచ్చి మామిడి కొమ్మ ఆకులు, రెమ్మలు కాకుండానే సుమారు 130 కిలోలు తూగుతుంది. 12 మి.మీ. కొత్త పాలీప్రొపిలీన్ తాడు సుమారు 2 టన్నుల వద్ద గాని తెగదు కనుక అది ధారాళంగా సరిపోతుందనిపిస్తుంది. కాని ఆ కొమ్మ 1 మీటరు స్వేచ్ఛగా పడి, తాడు 25 సెం.మీ. సాగేలోపు ఆగిందనుకుంటే, తాడుపై పడే గరిష్ఠ బలం కొమ్మ బరువుకు దాదాపు 10 రెట్లు, అనగా 1,300 కిలోలకు సమానం. ముడి వేసిన చోట తాడు తన బలంలో మూడో వంతు లేదా అంతకు మించి కోల్పోతుంది. అంటే కొత్త తాడు సైతం తెగే అంచుకు చేరినట్లే. ఎండకు ఎండి పెళుసైన పాత తాడు ఆ కుదుపును తట్టుకోలేదు. అదే కొమ్మను పడనీయకుండా దించితే తాడు మోయవలసింది 130 కిలోలే.

తాళ్ల స్వభావం

కొబ్బరి పీచు, జనుము నార తాళ్లు చేతికి పట్టునిస్తాయి. అయితే వాటి బలం పేనిన తీరును బట్టి మారుతుంది. తడిసి ఆరుతూ ఉంటే లోపలి నార పైకి కనిపించకుండానే కుళ్లుతుంది. పురిని విప్పి చూసినప్పుడు నార పొడిగా రాలితే ఆ తాడును ఈ పనికి వాడరాదు.

పాలీప్రొపిలీన్ తాడు చవక, తేలిక. కాని ఎండలోని అతినీలలోహిత కిరణాలకు త్వరగా క్షీణిస్తుంది. సుమారు 165 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక మానుకు చుట్టి వేగంగా వదిలినప్పుడు రాపిడి వేడికి దెబ్బతింటుంది.

నైలాన్ బాగా సాగి కుదుపును మింగుతుంది. అయితే అదే సాగుడు వల్ల కొమ్మ అనుకున్న చోట ఆగక, ఊగుతూ కింది కొమ్మలను తాకవచ్చు. తడిసినప్పుడు నైలాన్ బలం కొంత తగ్గుతుంది. కాయ కోత ముగిశాక తొలకరి వానల్లో చేసే కత్తిరింపులకు ఇది గమనార్హం.

పాలిస్టర్ తక్కువగా సాగుతుంది, తడిసినా బలం తగ్గదు, ఎండను, రాపిడి వేడిని పాలీప్రొపిలీన్ కన్నా బాగా తట్టుకుంటుంది. కొమ్మలు దించడానికి ఇదే అనువైనది. తెగే బరువులో పదో వంతుకు మించి భారం మోపరాదన్నది ఈ పనిలో పాటించదగిన నియమం. 16 మి.మీ. కొత్త పాలిస్టర్ తాడు తెగే బరువు సుమారు 4 టన్నులు కనుక అది 400 కిలోల వరకు భద్రంగా మోస్తుంది.

అంగడిలో పాలీప్రొపిలీన్ తాడునూ నైలాన్ అనే పిలవడం కద్దు. చిన్న ముక్కను నీటిలో ముంచి, గాలి బుడగలు పోయేలా పిండి వదిలితే పాలీప్రొపిలీన్ తేలుతుంది. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి.

కట్టే తీరు

తాడును కోయబోయే కొమ్మకు పైనున్న బలమైన పంగ మీదుగా వేయాలి. రాపిడి తగ్గాలంటే అక్కడ గిలకను కట్టవచ్చు. గిలకకు ఇరువైపులా తాడు బిగుసుకుంటుంది కనుక పైకొమ్మపై దాదాపు రెట్టింపు భారం పడుతుందని మరువరాదు. కింది కొసను మాను మొదలుకు రెండు చుట్లు తిప్పితే రాపిడి వల్ల, చేతికి వచ్చే బరువు ఇరవయ్యో వంతు వరకు తగ్గుతుంది. తాడును చేతికి గాని నడుముకు గాని ఎన్నడూ చుట్టుకోరాదు. పైన బలమైన పంగ లేనిచోట కొమ్మను చిన్న ముక్కలుగా కోయడమే మార్గం.

గీత కార్మికుని మోకు విలువ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. తాటిచెట్టు నుండి జారిపడే ప్రమాదాలను నివారించేందుకు 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా సామగ్రిని అందించడం ప్రారంభించింది. మనిషిని నిలిపే తాడుపై చూపే శ్రద్ధ కొమ్మను దించే తాడుపైనా అవసరం. ఈ రెండు పనులకూ ఒకే తాడును వాడరాదు. కుదుపులు తిన్న తాడుకు మనిషి ప్రాణాన్ని అప్పగించకూడదు. కత్తిరింపు ప్రదర్శనలలో రంపం, పూత మందులతో పాటు తాడు ఎంపికను, తనిఖీని కూడా చూపితే తోటతో పాటు కూలీకీ రక్షణ లభిస్తుంది.