కంఠీరవాన్ని చూడాలంటే ముందు దిమ్మెగూడెం చూడాలి

ధైర్యశాలి, త్యాగశీలి, ఆదర్శవాది, నిస్వార్థపరుడు. నవలలో ఒక పాత్ర గురించి రాయమంటే పిల్లల చేతికి ముందుగా వచ్చేవి ఈ నాలుగు మాటలే. తర్వాత ఒక్కో మాట కింద ఒక్కో సంఘటన సర్దుతారు. మార్కులూ పడతాయి. కానీ పేరు మార్చి ఇవే మాటలు ఇంకో నవలలోని ఇంకో నాయకుడికి తగిలించినా అతికినట్టు సరిపోతాయి. అలాంటప్పుడు అది ఎవరి బొమ్మ?

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లోని కంఠీరవం గురించి రాసేవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జవాబు నవల పేరులోనే ఉందనిపిస్తుంది. ప్రజల మనిషి కాబట్టి ప్రజల కోసం పోరాడాడు, అంతే. 1955లో వచ్చిన ఆ నవల అంత సులువుగా లొంగదు. నిజామాబాద్ వాళ్లం దాన్ని శ్రద్ధగా చదవడానికి మనకంటూ ఒక కారణం కూడా ఉంది. ఆ రచయిత మనుషుల్ని చదవడం నేర్చుకున్న చోట్లలో మన ఖిల్లా జైలు ఒకటి.

నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య, ఆళ్వారుస్వామి ఆ జైల్లో కలిసి ఉన్నారు. కాగితం, కలం లేని చోట దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యం రాసిన సంగతి ఈ జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. 1949 నాటి ‘అగ్నిధార’ను ఆయన ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. బొగ్గు ముక్కను తలచుకోవడం న్యాయమే. ఆ గోడల మధ్య ఆళ్వారుస్వామి చేసిన పనిని మాత్రం మనం తక్కువగా తలచుకుంటాం. ఆయన తోటి ఖైదీలను గమనించాడు. రాజకీయ ఖైదీలనే కాదు, దొంగతనాలకూ హత్యలకూ శిక్షపడి వచ్చిన మామూలు మనుషుల్ని. ఇక్కడా, మరికొన్ని జైళ్లలోనూ గడిపిన ఆ రోజుల్లోంచే ‘జైలు లోపల’ కథలు పుట్టాయి. వాటిలో ఒక కథ పేరు ‘పరిసరాలు’. ఇంకోదాని పేరు ‘పతితుని హృదయం’. ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టుకుంటే ఆయన పద్ధతి తెలిసిపోతుంది. వీడు దొంగ అని రాసి ఊరుకోడు. ఏ ఊరు, ఏ ఆకలి, ఎవరి దెబ్బ వీణ్ని ఇక్కడికి తెచ్చాయని అడుగుతాడు. మనిషిని గీసే ముందు ఆ మనిషి చుట్టూ ఉన్నదాన్ని గీస్తాడు.

కంఠీరవాన్ని కూడా అలాగే చదవాలి. మొదటి పేరా అతని గురించి రాయకండి. అతని ఊరు దిమ్మెగూడెం గురించి రాయండి. అక్కడ రామభూపాలరావు దొర. దొర గడి ఉన్న ఊళ్లో వెట్టి అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు విడమరిచి చెప్పాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి బట్టలు ఊరికే ఉతకాలి, కబురొస్తే కోత మధ్యలో ఉన్నా కొడవలి కింద పెట్టి వెళ్లాలి. కాదనే మాట ఆ ఊళ్లో ఎవరి నోటా రాదు. ఇది రాశాక, ఆ ఊళ్లో ఒకడు కాదన్నాడని రాస్తే, ధైర్యశాలి అనే మాట వాడాల్సిన పనే ఉండదు. చదివేవాడికే తెలుస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. పరిసరాలే మనిషిని తయారు చేస్తే, కంఠీరవం అన్న వెంకటాచార్యుల మాటేమిటి? ఒకే ఇల్లు, ఒకే తండ్రి, ఒకే ఊరు. అన్న దొర పక్కన చేరాడు, తమ్ముడు ఊరి పక్కన నిలిచాడు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా విలువైనది ఈ చిక్కే. కంఠీరవం మీద రాసే వ్యాసంలో సగం వెంకటాచార్యుల మీద ఉన్నా నేను తప్పు పట్టను. అన్నను విలన్ అని కొట్టిపారేస్తే తమ్ముడూ బొమ్మగానే మిగిలిపోతాడు. దొర నీడలో బతుకు సాఫీగా సాగుతుందని నమ్మిన మనిషి భయం మనకు అర్థమైతేనే, ఆ భయం కంఠీరవానికీ తెలుసుననీ, తెలిసే అటు పోలేదనీ అర్థమవుతుంది.

రచయితనే పాత్ర అనుకోవడం రెండో పొరపాటు. ఆళ్వారుస్వామి జీవితం అలా అనిపించేలాగే ఉంటుంది. చదువు కోసం ఓ ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేశాడు, విజయవాడ హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగాడు. ఆయన్నే ప్రజల మనిషి అని పిలిచేవాళ్లు ఉన్నారు, పిలవాల్సిందే. అయినా కంఠీరవం గురించి చెప్పాల్సింది నవల పేజీల్లోంచి రావాలి. రచయిత జీవితం తెచ్చి అతికిస్తే, ఆయన కష్టపడి కల్పించిన మనిషి కనబడకుండా పోతాడు.

కాలాన్ని మాత్రం వదలకూడదు. నవల వెనక ఆంధ్ర మహాసభ నడిచిన రోజులున్నాయి. ఆ సభ ఆరో సమావేశం 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన మన నిజామాబాద్‌లోనే జరిగింది. అదే ఏడాది బోధన్‌లో నిజాం షుగర్స్ పుట్టింది. మంజీర మీద 1931కి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో పారుతున్నాయి, చెరుకు పెరుగుతోంది. ఒకవైపు వెట్టి, ఇంకోవైపు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకోబోయే ఫ్యాక్టరీ. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే జిల్లాలో ఉన్నాయని తెలిసిన బోధన్ పిల్లవాడికి దిమ్మెగూడెం ఎక్కడో కథలో ఊరుగా అనిపించదు.

అందుకే ఇక్కడి తెలుగు ఉపాధ్యాయులను ఒకటి అడగాలనుంది. కంఠీరవం గురించి రాయించాక, అదే పద్ధతిలో బోధన్ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో ఉండే, అందులో పనిచేసిన ఒక తాత గురించి రాయించండి. కష్టజీవి, నిజాయితీపరుడు అనే మాటలు వాడొద్దనండి. క్రషింగ్ సీజన్‌లో షిఫ్ట్ దిగి ఇంటికొస్తే బట్టలు ఏ వాసన వేసేవి, 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక పొద్దున లేచి ఎటు వెళ్లేవాడు, జీతం బకాయిల మాటొస్తే ఎవరి పేరెత్తి మాట్లాడతాడు, ఎవరి పేరు దగ్గర ఆగిపోతాడు. ఇవి రాస్తే చాలు.

ఆ పిల్లలకు తర్వాత ‘గంగు’ నవల ఇవ్వవచ్చు. ఆళ్వారుస్వామి 1961 ఫిబ్రవరి 5న చనిపోయేనాటికి అది పూర్తి కాలేదు. ముగింపు చూసి మనిషిని తూచే అలవాటు అక్కడ పనికిరాదు. ఉన్న పేజీల్లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారో, ఎవరి ముందు తల వంచారో చూసి రాయాల్సిందే.