పది తూటాల డబ్బా

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రెంచ్ సైన్యానికి కొత్త పిస్టల్ కావలసి వచ్చింది. ఆయుధాలు తయారు చేసేవాళ్లకు పెట్టిన షరతుల్లో ఒకటి, మ్యాగజైన్‌లో కనీసం పది తూటాలు పట్టాలని. అప్పటికి అది పెద్ద కోరికే. అమెరికన్ సైనికుల దగ్గరున్న ఎం1911లో పట్టేవి ఏడు, జర్మన్ల లూగర్‌లో ఎనిమిది. మరో డెబ్బై ఏళ్లకు అదే పది అమెరికా చట్టంలో దాటరాని గీతగా మారింది. ఆ షరతు నాటి నుంచి పిస్టల్ పిడిలో ఇమిడే చిన్న డబ్బా ఎన్నో రూపాలు మార్చుకుంది. ఇవాళ న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో చిన్న పిస్టల్‌కు తక్కువ సామర్థ్యపు మ్యాగజైన్ ఎంచుకునే మనిషి చేతిలో ఉన్నది ఆ మార్పులన్నింటి ఫలితం.

మ్యాగజైన్‌లో భాగాలు కొన్నే. ఒక రేకు లేదా ప్లాస్టిక్ గొట్టం, అడుగున ఒక పలక, దాని మీద స్ప్రింగ్, స్ప్రింగ్ మీద తూటాలను పైకి నెట్టే ఫాలోయర్. గొట్టం పై అంచులు రెండూ లోపలికి వంగి పై తూటాను పట్టి ఉంచుతాయి. పిస్టల్ పేలిన ప్రతిసారీ దాని పైభాగంలోని స్లైడ్ వెనక్కి వెళ్లి ముందుకు వస్తుంది. అది రెప్పపాటు కన్నా తక్కువ సమయం. ఆలోపే తర్వాతి తూటా పైకి లేచి, సరైన కోణంలో నిలబడాలి. పిస్టల్ మొరాయించిందంటే అనుభవజ్ఞులు ముందుగా అనుమానించేది మ్యాగజైన్‌నే.

ఫ్రెంచ్ వాళ్ల షరతును అందుకోవడానికి బెల్జియంలోని ఎఫ్ఎన్ కర్మాగారంలో ఇద్దరు పనిచేశారు. ఒకరు జగమెరిగిన అమెరికన్ రూపకర్త జాన్ బ్రౌనింగ్, రెండోవాడు అక్కడి ఇంజనీరు దియుదొన్నె సేవ్. తూటాలను రెండు వరసల్లో అటొకటి ఇటొకటిగా పేర్చే మ్యాగజైన్ సేవ్ ఆలోచన. 1926 నవంబరులో బ్రౌనింగ్ ఆ కర్మాగారంలోనే గుండె ఆగి చనిపోయాడు. మిగిలిన పనిని సేవ్ ఏళ్ల తరబడి మోసి, 1935లో పూర్తి చేశాడు. అదే బ్రౌనింగ్ హై పవర్. అందులో 13 తూటాలు పట్టేవి. ఇంత చేశాక ఫ్రాన్స్ దాన్ని తీసుకోలేదు. ఎనిమిది తూటాల మరో పిస్టల్‌తో సరిపెట్టుకుంది. పేరు బ్రౌనింగ్‌కు దక్కినా, ఆ తర్వాత వచ్చిన పిస్టళ్ల రూపాన్ని ఎక్కువగా మార్చింది సేవ్ చేసిన డబ్బాయే.

అందులోని లెక్క బడి పిల్లలకు తెలిసిందే. 9 మిల్లీమీటర్ల తూటా అడుగు వెడల్పు దాదాపు 10 మి.మీ. పది తూటాలను నిటారుగా ఒకదానిపై ఒకటి పేరిస్తే 100 మి.మీ. ఎత్తు కావాలి. చిన్న పిస్టల్ పిడిలో అంత చోటుండదు. సంతలో బత్తాయిలు పేర్చేటప్పుడు పై పండు కింది రెండింటి సందులో కూర్చున్నట్టు, ఒక్కో తూటాను 7 మి.మీ. పక్కకు జరిపి పేర్చితే? పైథాగరస్ సూత్రం వేస్తే ఒక్కో తూటాకు పెరిగే ఎత్తు 7 మి.మీ. పైచిలుకే. అంటే పది తూటాలకు మొత్తం 74 మి.మీ. చాలు. అయితే ఒంటి వరసలో 10 మి.మీ. ఉన్న వెడల్పు 17 అవుతుంది. పిడి లావెక్కుతుంది. చిన్న చేతులవాళ్లకు పట్టు కుదరదు. ఎత్తు తగ్గిస్తే లావు, లావు తగ్గిస్తే ఎత్తు. చిన్న పిస్టల్ గీసే ప్రతి ఇంజనీరూ ఈ రెండింటి మధ్య నలిగినవాడే.

హై పవర్ మన దేశానికీ వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో 'పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ' పేరుతో తయారై భారత సైన్యానికి అందింది. సేవ్ గీసిన 13 తూటాల మ్యాగజైన్ అందులోనూ ఉంది.

ఆ తర్వాత మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య పరుగందుకుంది. 1971లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 59 పద్నాలుగు తూటాలతో, తర్వాత బెరెట్టా 92 పదిహేనుతో, 1982లో గ్లాక్ 17 పదిహేడుతో వచ్చాయి. 1988 నాటి గ్లాక్ 19 వాటికన్నా చిన్నదైనా పదిహేను మోసింది.

1994 సెప్టెంబరు 13న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టంతో ఆ పరుగుకు అడ్డుకట్ట పడింది. పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను ఇకపై సాధారణ పౌరుల కోసం తయారు చేయకూడదు. పాతవాటికి మాత్రం మినహాయింపు. పోలీసులకు చేసే కొత్తవాటి మీద ఆ సంగతి ముద్ర కొట్టేవారు. పాత సరుకు ధర ఆకాశాన్నంటింది. విదేశాల నుంచి కూడా పాత మ్యాగజైన్లు వెల్లువగా వచ్చాయి. అందువల్లే చట్టం ప్రభావం పరిమితంగా మిగిలిందని నేరశాస్త్ర పరిశోధకుడు క్రిస్టఫర్ కోపర్ తన అధ్యయనంలో చూపాడు. సరిగ్గా పదేళ్లకు, 2004లో, చట్టం గడువు తీరిపోయింది.

తయారీదార్లు ఆ పదేళ్లలో రెండు దారులు పట్టారు. మొదటిది, పదిహేను పట్టే డబ్బాను పదికి కట్టడి చేయడం. గోడల్ని లోపలికి నొక్కడమో, రివెట్ వేయడమో, అడుగున దిమ్మ పెట్టడమో చేశారు. బయటి కొలత మారదు కనుక పిడిలో చక్కగా కూర్చుంటుంది. ఐదు తూటాలు తగ్గితే దాదాపు 60 గ్రాముల బరువూ తగ్గుతుంది. రెండోదారి మెరుగైనది. పదే పట్టాలన్నప్పుడు అంత పెద్ద పిడి దేనికి? 1995లో వచ్చిన గ్లాక్ 26 ఈ ప్రశ్నకు జవాబు. రెండు వేళ్లు మాత్రమే పట్టే పొట్టి పిడి, పది తూటాలు.

కట్టడి చేసిన డబ్బాలో చిక్కంతా స్ప్రింగ్‌దే. చోటు తగ్గింది కాబట్టి దాని పొడవు, బిగువు మళ్లీ లెక్కగట్టాలి. మరీ బిగువైతే పదో తూటా దిగదు. దిగినా, స్లైడ్ మూసి ఉన్నప్పుడు మ్యాగజైన్ లోపల కొక్కేనికి తగులుకోదు. బిగువు చాలకపోతే చివరి తూటా వేళకు పైకి లేవదు. అందుకే పిస్టల్ చేసిన సంస్థే చేసిన మ్యాగజైన్ తీసుకోవడం మేలు. పది నింపి స్లైడ్ మూసి ఉంచి ఎక్కించి చూడాలి. తాను వాడబోయే తూటాలతోనే పరీక్షించాలి. శుభ్రం చేయడానికి అడుగు పలక ఊడుతుందా అన్నదీ గమనించాలి. కాలిఫోర్నియా వంటి చోట ఆ కట్టడి శాశ్వతంగా ఉంటేనే చట్టం ఒప్పుకుంటుంది.

పది అన్న ఈ అంకెకు ప్రాణాలతో ముడి ఉంది. 2011 జనవరి 8న అరిజోనాలోని టూసాన్‌లో ఒక దుండగుడు గ్లాక్ 19కు 33 తూటాల పొడవాటి మ్యాగజైన్ తగిలించి, కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ సభపై కాల్పులు జరిపాడు. మ్యాగజైన్ పిడి అడుగు నుంచి ఎక్కుతుంది కనుక, చిన్న పిస్టల్‌కు ఎంత పొడవైనదైనా తగిలించవచ్చు. ఆరుగురు చనిపోయారు. అతను మ్యాగజైన్ మార్చబోతుండగా అక్కడివాళ్లు మీదపడి పట్టుకున్నారు. 61 ఏళ్ల మహిళ ఒకరు కొత్త మ్యాగజైన్ అతనికి అందకుండా లాక్కున్నారు. రెండేళ్ల తర్వాత గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ సెనేట్ కమిటీకి ఒక లెక్క చెప్పాడు. మృతుల్లో ఒకరైన తొమ్మిదేళ్ల బాలికకు తగిలింది పదమూడో తూటా. డబ్బాలో పదే ఉండి ఉంటే ఆ మార్చే విరామం ముందే వచ్చేదని, ఆ బిడ్డ బతికేదని అతని వాదన. మ్యాగజైన్ పరిమితుల మీద ఇంతకన్నా బరువైన సాక్ష్యం దొరకదు.

2004 తర్వాత కేంద్ర చట్టం లేదు, రాష్ట్రాల గీతలే మిగిలాయి. కొలరాడోలో 15. డెలావేర్‌లో 17. న్యూజెర్సీ 2018లో పదిహేను నుంచి పదికి తగ్గించింది. కాలిఫోర్నియా పది పరిమితిని 2025 మార్చిలో అప్పీళ్ల కోర్టు సమర్థించింది. డల్లాస్‌లో చట్టబద్ధంగా కొన్న గ్లాక్ 19ను దాని 15 తూటాల మ్యాగజైన్‌తో సహా ఎడిసన్‌కు మార్చుకునే తెలుగు కుటుంబం న్యూజెర్సీ గడప తొక్కగానే నేరం చేసినట్టే. ఉద్యోగం మారితే ఇల్లు, బడి, బీమా చూసుకున్నట్టే దీన్నీ ముందే చూసుకోవాలి.

2018లో సిగ్ సావర్ తెచ్చిన పి365 ఆ పాత బత్తాయిల లెక్కను ఇంకో మలుపు తిప్పింది. దాని మ్యాగజైన్‌లో పైభాగం ఒంటి వరస, కిందికి వెళ్లేకొద్దీ తూటాలు పక్కలకు జరుగుతాయి. అంగుళం మందం పిస్టల్‌లో పది ఇమిడాయి. అంతకు మూడేళ్ల ముందు దాదాపు అదే పరిమాణంలో వచ్చిన గ్లాక్ 43లో పట్టినవి ఆరే. మరుసటేడు గ్లాక్ కూడా పది తూటాల సన్నని 43ఎక్స్, 48 విడుదల చేసింది. వీటి డబ్బాల్లో దిమ్మ లేదు, రివెట్ లేదు, నొక్కిన గోడలు లేవు. పదికే పుట్టినవి కాబట్టి స్ప్రింగ్ కూడా పదికే లెక్కగట్టినది. పది పరిమితి ఉన్నచోట కొత్తగా పిస్టల్ ఎంచుకునేవాళ్లు కుదించిన పదిహేను కన్నా ఈ దారిని ముందు చూడడం మంచిది. టెక్సస్‌లో అమ్మే 43ఎక్స్ మ్యాగజైనే న్యూజెర్సీలోనూ అమ్ముతారు.