ప్లగిన్ల కథ

అంతర్జాలమునందలి పుటలను మన కన్నుల యెదుట నిలుపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. నేడది పాటలు పాడును, చలనచిత్రములు చూపును, ఆటలు ఆడించును. తొలినాళ్ళలో దాని విద్య మిక్కిలి స్వల్పము. అక్షరములను, కదలని చిత్రములను చూపుటతో దాని శక్తి ముగిసెడిది.

ఈ కొరత తీర్చుటకై 1995-96 నాటికి నెట్‌స్కేప్ సంస్థవారు తమ నావిగేటరు రెండవ కూర్పులో ఒక ఏర్పాటు గావించిరి. బ్రౌజరు తనకు రాని పనిని వేరొక చిన్న ప్రోగ్రామునకు అప్పగించును. ఆ ప్రోగ్రాము పుటలో తనకు విడిచిన చోట ఆ పనిని నెరవేర్చును. ఇట్లు వచ్చి చేరు ప్రోగ్రామే ప్లగిన్. ఆగమము మిత్రుని వలె వచ్చి ప్రక్కన చేరుననియు, ఆదేశము శత్రువు వలె ఉన్నదానిని తొలగించి ఆ చోట నిలుచుననియు సంధి పాఠమున విద్యార్థులు చదివియే యుందురు. ప్లగిన్ ఆగమము వంటిది.

వీనిలో ఫ్లాష్ మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. 1996లో వేరొక పేరుతో పుట్టి, మాక్రోమీడియా సంస్థ చేత ఫ్లాష్ అను పేరు పొంది, 2005లో అడోబీ సంస్థకు చేరిన ఈ ప్లగిన్ లేని కంప్యూటరు ఆ దినములలో అరుదు. బాలుర ఆటలు, బొమ్మల కథలు, విజ్ఞాన పాఠములు వేలకొలదిగా దానిలో రచింపబడెను. యూట్యూబు సైతము మొదట దానినే ఆశ్రయించినది.

అయితే ఈ మైత్రిలో ఒక చిక్కు కలదు. పుటలోని సామాన్య విషయమును బ్రౌజరు తన కట్టుబాటులో నుంచును. అది కంప్యూటరులోని యితర పత్రముల జోలికి పోజాలదు. ప్లగిన్ అట్లు కాదు. అది బ్రౌజరు కావలిని దాటి, యజమానికి గల అధికారములన్నియు తానును పొంది పనిచేసెడిది. వచ్చిన చుట్టమునకు ఇనుప పెట్టె తాళపుచెవులు కూడ ఇచ్చినట్లే గదా! చుట్టము మంచివాడే కావచ్చును. కాని వాని యేమరుపాటును కనిపెట్టిన దొంగ వాని వెంటనే లోనికి వచ్చును. ఫ్లాష్‌లో బయటపడిన లోపములను దుర్జనులు పలుమారులు ఇట్లే వాడుకొనిరి. అదియును గాక, ప్లగిన్ చెడినచో బ్రౌజరు కూడ నిలిచిపోయెడిది. 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాష్‌ను చేర్చుకొననే లేదు.

పిమ్మట ఆదేశము వచ్చెను. 2014లో ప్రమాణముగా స్థిరపడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 వలన పాటలను, చలనచిత్రములను ఆడించు విద్య బ్రౌజరునకే అబ్బెను. 2015లో క్రోము బ్రౌజరు నెట్‌స్కేప్ నాటి ప్లగిన్ల ద్వారమును మూసివేసెను. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్సు ఫ్లాష్‌ను తప్ప తక్కిన ప్లగిన్లనన్నిటిని విడిచెను. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్ పోషణను మానెను. మరుసటి జనవరి 12 నుండి ఆ ప్లగిన్ రచనలను ఆడించుటకు తానే నిరాకరించెను.

భద్రత చేకూరినది, నిజమే. కాని ఇరువది యేండ్లకు పైబడిన కృషి మూగవోయెను. దక్షిణాఫ్రికా పన్నుల శాఖవారి పత్రములు కొన్ని ఇంకను ఫ్లాష్‌లోనే యుండుటచే, 2021 జనవరిలో వారు ఆ పత్రముల కొరకే ఒక ప్రత్యేకమైన బ్రౌజరును వెలువరింపవలసి వచ్చెను. ఆటలకు, బొమ్మల కథలకు అట్టి దిక్కు లేదు. వానిని ప్రేమించినవారే పూనుకొని రఫిల్ అను ప్రోగ్రామును క్రొత్తగా రచించిరి. అది పాత ఫ్లాష్ రచనలను చదివి, బ్రౌజరు కట్టుబాటులోనే యుండి ఆడించును, తాళపుచెవులు కోరదు. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము దీని సాయముతో ఫ్లాష్ రచనలను ప్రదర్శింప నారంభించెను. ఫ్లాష్ చివరి దినములలో వ్రాయబడిన చిక్కైన ఆటలు కొన్ని మాత్రము రఫిల్‌నకు ఇంకను పూర్తిగా లొంగలేదు.