భద్రతకు ఒక డిగ్రీ

పోయిన పత్తి కాలంలో మా బాపుకు ఒక ఫోను వచ్చింది. బ్యాంకు ఖాతా ఆగిపోతుందన్నారు, నంబరు చెప్పమన్నారు. బాపు చెప్పిండు. పత్తి అమ్మిన పైసలన్నీ పోయినవి. మూడో నాడు ఠాణాకు తోలుకపోతే అక్కడి కానిస్టేబుల్, "ఆ గంటలోనే 1930కి ఫోన్ చేస్తే ఆగునేమో తమ్మీ" అన్నాడు. ఆయనా బి.ఎస్సీ. చదివినవాడే. డబ్బు ఒక ఖాతా నుండి ఇంకో ఖాతాకు ఎట్లా ఉరుకుతుందో ఆయనకు ఏ తరగతిలోనూ చెప్పలేదట, నాకూ చెప్పలేదు.

భద్రతా అధ్యయనం అనగానే మిత్రులకు కవాతు, తుపాకి గుర్తుకు వచ్చును. కాని ఇది చట్టము, విజ్ఞానము, చరిత్ర కలిసిన చదువు. మద్రాసు విశ్వవిద్యాలయంలో రక్షణ అధ్యయనాల శాఖ ఏనాటి నుండో ఉన్నది. గుజరాత్ 2009లో స్థాపించిన రక్షాశక్తి విశ్వవిద్యాలయం 2020లో పార్లమెంటు చట్టంతో రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయమైనది. మన సికింద్రాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్‌లో చదివిన వారికి ఉస్మానియా పట్టా ఇచ్చుచున్నది గాని, అది ఇదివరకే సైనికాధికారులైన వారికి. ఇంటర్ పాసైన పల్లెటూరి పిల్లకు గాదు.

అయితే ప్రత్యేక విశ్వవిద్యాలయమే కావాలా? నాకు అట్లా తోచదు. మా జిల్లాలలో భద్రత అన్న మాట అంత సులువైనది కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిరి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గిరిజనుల సభ నాడు పోలీసు కాల్పులు జరిగినవి. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలో 13 మంది. పౌరహక్కుల వారు అంతకు ఎన్నో రెట్లు అన్నారు. ఆనాటి తగువు భూమిది. ఎవరి భద్రత, ఎవరి నుండి భద్రత అన్న ప్రశ్న అక్కడే ఉన్నది గదా! లా చదివినవాడు, గోండి తెలిసినవాడు, కెమిస్ట్రీ తెలిసినవాడు ఒకే గదిలో కూర్చుంటేనే ఈ పాఠం సాగును. పోలీసులే పోలీసులకు చెప్పుకుంటే ఇంద్రవెల్లి పుట తిప్పేస్తారని నా అనుమానం. తప్పయితే పెద్దలు మన్నించాలి. అందుకే శాతవాహన వంటి సాధారణ విశ్వవిద్యాలయంలో ఉండాలంటాను.

"ఉద్యోగమేది?" అని మా లెక్చరర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్.ఐ.కి ఏదైనా డిగ్రీ చాలు; ఈ పట్టాకు అదనపు విలువ ఎవరిస్తారు? తెల్లవారకముందే మైదానంలో ఉరికే మా క్లాసు వాళ్ళూ అదే అన్నారు. కనుక ముందు బి.ఎస్సీ.లో ఒక ఐచ్ఛిక పేపరుగా పెట్టి చూస్తే ఖర్చు తక్కువ. సైబర్ మోసము, నకిలీ పత్తి విత్తనాల పరీక్ష, సాక్ష్య చట్టము, ఇంతతో మొదలుపెట్టవచ్చు.

బాపు ఇప్పుడు తెలియని నంబరు వస్తే ఫోన్ మా చెల్లె చేతికిస్తడు. చెల్లె తొమ్మిదో తరగతి.