విద్యుత్ కార్ల అమ్మకాలు – తయారీ సంస్థల మధ్య పోటీ: గణాంకాలను అర్థం చేసుకోవడం ఎలా?

ప్రతి నెలా మొదటి వారంలో దేశంలోని వాహనాల అమ్మకాల గణాంకాలు వెలువడుతున్నాయి. వాటిలో విద్యుత్ కార్ల అంకెలు ఇటీవలి సంవత్సరాలలో అటు పత్రికలను, ఇటు ప్రభుత్వ శాఖలను విశేషంగా ఆకర్షిస్తున్నాయి. ఒకే నెలకు సంబంధించి ఒక పత్రికలో అమ్మకాలు పెరిగాయనీ, మరొక పత్రికలో అగ్రగామి సంస్థ వెనుకబడిందనీ వార్తలు రావడం కద్దు. ఆ రెండు వార్తలూ నిజమే కావచ్చు. కానీ వాటి వెనుక గల కొలమానాలు వేరు. రోడ్డు పన్ను మినహాయింపు, ఛార్జింగ్ కేంద్రాల ఏర్పాటు, రాయితీల కొనసాగింపు వంటి నిర్ణయాలకు ఈ అంకెలే ఆధారమవుతున్నందున, పొరపాటుగా చదివిన ఒక్క శాతం ప్రజాధనం వినియోగాన్నే పక్కదారి పట్టించే ప్రమాదం ఉన్నది. ఈ నేపథ్యంలో విద్యుత్ కార్ల విపణి తీరుతెన్నులను, సంస్థల మధ్య పోటీని, గణాంకాలను పరిశీలించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం:

భారతదేశంలో విద్యుత్ కారు కొత్త విషయమేమీ కాదు. బెంగళూరులో తయారైన రెవా చిన్న కారు 2001లోనే విపణిలోకి వచ్చింది. ఆ సంస్థలో అధిక వాటాను 2010లో మహీంద్రా సంస్థ కొనుగోలు చేసింది. అయితే అమ్మకాలు చెప్పుకోదగిన స్థాయికి చేరడానికి మరో దశాబ్దం పట్టింది. 2015 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఫేమ్ పథకాన్ని ప్రారంభించింది. 2019 ఏప్రిల్ నుంచి 10,000 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో రెండవ దశను అమలు చేసింది. 2019 ఆగస్టు 1 నుంచి విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి.ని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం జరిగింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఇ.వి., ఎం.జి. జెడ్.ఎస్. ఇ.వి. కార్లు విడుదల కావడంతో సాధారణ కుటుంబాలు సైతం విద్యుత్ కారు కొనుగోలును ఆలోచించే పరిస్థితి ఏర్పడింది. 2022లో టాటా టియాగో ఇ.వి. 8.49 లక్షల రూపాయల ప్రారంభ ధరతో రావడం ఈ క్రమంలో మరో ముందడుగు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. ఫేమ్ రెండవ దశలో నాలుగు చక్రాల వాహనాలకు ఇచ్చిన రాయితీ అద్దె, ప్రజారవాణా అవసరాలకు నడిచే వాహనాలకే పరిమితం. వ్యక్తిగత వినియోగానికి కొన్న కార్లకు అది వర్తించలేదు. 2024 అక్టోబరు 1న 10,900 కోట్ల రూపాయలతో అమలులోకి వచ్చిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలోనూ కార్లకు కొనుగోలు రాయితీ లేదు. వ్యక్తిగత విద్యుత్ కార్లకు లభిస్తున్న ప్రధాన ప్రోత్సాహం తక్కువ జి.ఎస్.టి., రాష్ట్రాలు కల్పించే రోడ్డు పన్ను మినహాయింపులు మాత్రమే. అందుచేత ఫేమ్ రాయితీ తగ్గినందువల్ల కార్ల అమ్మకాలు పడిపోయాయని రాయడం సరికాదు.

మొత్తం వాహనాల లెక్క వేరు, కార్ల లెక్క వేరు:

దేశంలో 2025 సంవత్సరంలో రిజిస్టర్ అయిన విద్యుత్ వాహనాలు అన్ని రకాలూ కలిపి 22 లక్షలకు పైబడ్డాయి. ఇందులో అత్యధిక భాగం స్కూటర్లు, మోటారు సైకిళ్లే. తరువాతి స్థానం ఆటోలు, ఇ-రిక్షాలది. కార్ల సంఖ్య సుమారు లక్షా 75 వేలు. అంటే, మొత్తంలో పదో వంతు కూడా లేదు.

ఒక్కో తరగతిలో మార్పు వేగం కూడా ఒక్కో విధంగా ఉన్నది. కొత్తగా రిజిస్టర్ అవుతున్న మూడు చక్రాల వాహనాలలో సగానికి మించి విద్యుత్‌తో నడిచేవే. ద్విచక్ర వాహనాలలో ఈ వాటా 6 శాతం ప్రాంతంలో ఉండగా, కార్లలో 2024లో సుమారు రెండున్నర శాతం ఉన్నది 2025లో 4 శాతానికి చేరువైంది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో ముందే తెలిసిన ఆటో యజమానికి ఇంధన ఖర్చులో ఆదా వెంటనే కనిపిస్తుంది. కారు కొనుగోలుదారు మొదట చెల్లించవలసిన ధరను, దూర ప్రయాణంలో ఛార్జింగ్ సౌకర్యాన్ని, కొన్నేళ్ల తరువాత బ్యాటరీ పరిస్థితిని కూడా ఆలోచిస్తాడు. కనుక "విద్యుత్ వాహనాల వృద్ధి" అనే ఒకే శీర్షిక కింద ఈ మూడింటినీ చేర్చినప్పుడు కార్ల పరిస్థితి మరుగున పడుతుంది.

వాటా తగ్గడం అమ్మకాలు తగ్గడం కాదు:

సంస్థల మధ్య పోటీకి సంబంధించి అత్యధికంగా అపార్థానికి గురవుతున్న అంశం ఇదే. విద్యుత్ కార్ల విపణిలో తొలి నుంచి ఆధిపత్యం వహించిన టాటా మోటార్స్ వాటా 2024లో 60 శాతానికి పైగా ఉండగా, 2025లో సుమారు 40 శాతానికి తగ్గింది. ఈ అంకెను మాత్రమే చూసినవారు ఆ సంస్థ కార్లకు ఆదరణ కరవైందని భావించే అవకాశం ఉన్నది. వాస్తవానికి ఆ సంస్థ విద్యుత్ కార్ల రిజిస్ట్రేషన్లు 2024లో 60 వేల పైచిలుకు కాగా, 2025లో దాదాపు 70 వేలకు పెరిగాయి. అదే కాలంలో మొత్తం విద్యుత్ కార్ల విపణి సుమారు లక్ష నుంచి లక్షా 75 వేలకు విస్తరించింది. విపణి పెరిగినంత వేగంగా సంస్థ పెరగనప్పుడు అమ్మకాలు పెరిగినా వాటా తగ్గుతుంది.

ఈ విస్తరణలో సింహభాగం మరో రెండు సంస్థలకు దక్కింది. జె.ఎస్.డబ్ల్యు. ఎం.జి. మోటార్ 2025లో 50 వేల పైచిలుకు కార్లతో తన అమ్మకాలను రెండింతలకు పైగా పెంచుకున్నది. 2024 నవంబరులో బి.ఇ. 6, ఎక్స్.ఇ.వి. 9ఇ నమూనాలను ఆవిష్కరించిన మహీంద్రా 33 వేలకు పైగా కార్లతో మూడవ స్థానంలో నిలిచింది.

పోటీ స్వరూపం:

ధరను కొనుగోలుదారు ముందు ఉంచే తీరులోనే ప్రధానమైన మార్పు వచ్చింది. 2024 సెప్టెంబరులో విడుదలైన ఎం.జి. విండ్సర్ కారు ప్రారంభ ధరను 9.99 లక్షల రూపాయలుగా ప్రకటించారు. అయితే ఈ ధరలో బ్యాటరీ లేదు. బ్యాటరీకి అప్పట్లో కిలోమీటరుకు 3.50 రూపాయల చొప్పున అద్దె చెల్లించవలసి ఉండేది. బ్యాటరీతో సహా కొనుగోలు చేస్తే నాటి ప్రారంభ ధర 13.50 లక్షల రూపాయలు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే వినియోగదారుకు ఆ లెక్కన అద్దె 3,500 రూపాయలు అయ్యేది. దీనికి ఛార్జింగ్ ఖర్చు అదనం. కాబట్టి రెండు కార్ల ధరలను పోల్చేటప్పుడు బ్యాటరీ చేరి ఉన్నదా లేదా అన్నది తప్పక తెలియజేయాలి.

2025లో పోటీ మరింత విస్తృతమైంది. జనవరిలో హ్యుందాయ్ క్రెటా విద్యుత్ నమూనా, జూలైలో కియా కారెన్స్ క్లావిస్ ఇ.వి. విడుదలయ్యాయి. వియత్నాంకు చెందిన విన్‌ఫాస్ట్ ఆగస్టులో తమిళనాడులోని తూత్తుకుడిలో కర్మాగారాన్ని ప్రారంభించింది. అమెరికాకు చెందిన టెస్లా జూలై 15న ముంబయిలో తొలి విక్రయ కేంద్రాన్ని తెరిచింది. మోడల్ వై కారు ప్రారంభ ధర దాదాపు 60 లక్షల రూపాయలు కావడంతో ఆ ఏడాది రిజిస్ట్రేషన్లు వందల సంఖ్యకే పరిమితమయ్యాయి. ఒక సంస్థకు లభించే ప్రచారానికీ, విపణిలో దానికి గల స్థానానికీ సంబంధం ఉండనవసరం లేదని ఈ ఉదాహరణ తెలియజేస్తున్నది.

పంపిణీ, రిజిస్ట్రేషన్, ఎగుమతి:

వాహన తయారీదారుల సంఘం సియామ్ వెల్లడించేవి ప్రధానంగా కర్మాగారాల నుంచి డీలర్లకు పంపిన వాహనాల లెక్కలు. డీలర్ల సమాఖ్య ఫాడా వెల్లడించేవి రవాణా కార్యాలయాలలో రిజిస్టర్ అయిన వాహనాల లెక్కలు. పండుగలకు ముందు పంపిణీ పెరిగి, డీలర్ల వద్ద నిల్వలు పేరుకున్నప్పుడు ఈ రెండింటికీ మధ్య అంతరం ఎక్కువవుతుంది. ఎగుమతుల విషయం మరొకటి. మారుతి సుజుకి తన తొలి విద్యుత్ కారు ఇ-విటారా ఎగుమతులను 2025 ఆగస్టు 26న గుజరాత్‌లోని హన్సల్‌పూర్ నుంచి ప్రారంభించింది. ఆ ఏడాది ఉత్పత్తి లెక్కలలో ఆ కార్లు ఉంటాయి గాని, దేశీయ అమ్మకాలలో ఉండవు.

తెలుగు పాఠకులకు మరింత ముఖ్యమైన అంశం ఒకటున్నది. తెలంగాణ రవాణా శాఖ తన సొంత కంప్యూటర్ వ్యవస్థలో రిజిస్ట్రేషన్లు నిర్వహిస్తూ వచ్చినందున, కేంద్రం నిర్వహించే వాహన్ పట్టికలలో అనేక సంవత్సరాలపాటు ఆ రాష్ట్రపు లెక్కలు చేరలేదు. వాటి ఆధారంగా 2024 వరకు వెలువడిన జాతీయ గణాంకాలలో హైదరాబాద్ వంటి పెద్ద విపణికి చోటు లేదన్నమాట. రాష్ట్రాల వరుసక్రమాన్ని రాసేటప్పుడు తెలంగాణ పేరు కనిపించకపోవడాన్ని అక్కడ అమ్మకాలు లేకపోవడంగా భావించరాదు. అలాగే ఒక రాష్ట్రం కొత్తగా పట్టికలో చేరితే ఆ మేరకు పెరిగిన సంఖ్యను విపణి వృద్ధిగా చూపరాదు.

రిజిస్ట్రేషన్ సంఖ్య కూడా అన్ని వేళలా వినియోగదారుకు చేరిన వాహనాన్నే సూచించకపోవచ్చు. చైనాలో అమ్మకాల లక్ష్యాలను చేరుకోవడానికి కార్లను ముందుగా రిజిస్టర్ చేయించి, ఒక్క కిలోమీటరు కూడా నడవకుండానే పాత కార్లుగా తిరిగి అమ్మే పద్ధతి 2025లో తీవ్ర చర్చకు దారితీసింది.

గడువులు, పన్నుల ప్రభావం:

రాయితీ ముగిసే తేదీకి ముందు కొనుగోళ్లు ఒక్కసారిగా పెరగడం, తరువాత తగ్గడం సహజం. 2023 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల రాయితీని తగ్గించినప్పుడు, మే నెలలో లక్ష దాటిన రిజిస్ట్రేషన్లు జూన్‌లో 50 వేల లోపునకు పడిపోయాయి. జర్మనీలో 2023 డిసెంబరులో రాయితీని అకస్మాత్తుగా నిలిపివేయగా, ఆ ఏడాది 5.24 లక్షలున్న విద్యుత్ కార్ల అమ్మకాలు 2024లో 3.80 లక్షలకు తగ్గి, 2025లో తిరిగి 5.45 లక్షలకు చేరాయి. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగియడానికి ముందు త్రైమాసికంలో అమ్మకాలు రికార్డు స్థాయికి పెరిగి, తదుపరి త్రైమాసికంలో బాగా క్షీణించాయి. ఇటువంటి సందర్భాలలో ఒక్క నెల అంకెతో నిర్ణయానికి రాకుండా, గడువుకు ముందు, తరువాత గల నెలలను కలిపి చూడడం సముచితం.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు, డీజిలు కార్లపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. విద్యుత్ కార్లపై 5 శాతం పన్నులో మార్పు లేదు. తత్ఫలితంగా చిన్న కార్ల తరగతిలో విద్యుత్ కార్లకు గల పన్ను అనుకూలత కొంత తగ్గింది. రానున్న గణాంకాలను పరిశీలించేటప్పుడు దీనిని దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

అంతర్జాతీయ పోటీ:

అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా 1 కోటి 70 లక్షలకు పైగా విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి. వీటిలో 1 కోటి 10 లక్షలకు పైగా చైనాలోనివే. ఈ లెక్కలో పెట్రోలుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు కూడా ఉన్నాయి. చైనా సంస్థ బి.వై.డి. 2024లో సుమారు 42.7 లక్షల వాహనాలు అమ్మింది. అందులో కేవలం బ్యాటరీతో నడిచే కార్లు 17.6 లక్షలు. అదే ఏడాది టెస్లా అమ్మకాలు 17.9 లక్షలు. అంటే మొత్తం సంఖ్యలో బి.వై.డి. ఎంతో ముందున్నా, బ్యాటరీ కార్లలో టెస్లాదే పైచేయి. 2025లో బి.వై.డి. బ్యాటరీ కార్ల అమ్మకాలు 22.5 లక్షలకు పెరగగా, టెస్లా 16.4 లక్షలకు తగ్గడంతో ఈ కొలమానంలోనూ తొలి స్థానం మారింది.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి:

తెలంగాణ 2020లో ప్రకటించిన విధానంలో పన్ను మినహాయింపులను సంఖ్యాపరిమితితో ముడిపెట్టారు. ద్విచక్ర వాహనాలలో తొలి 2 లక్షలకు, వ్యక్తిగత కార్లలో తొలి 5 వేలకు ఈ వెసులుబాటు కల్పించారు. 2024 నవంబరు 18 నుంచి ఈ పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు గడువు నిర్ణయించారు. పరిమితి సంఖ్యపై ఆధారపడినప్పుడు లెక్కల కచ్చితత్వం ఎంత అవసరమో, గడువు తేదీపై ఆధారపడినప్పుడు ఆఖరి నెలల్లో రద్దీని అంచనా వేయడం అంతే అవసరం. ఉత్పత్తి రంగంలో చూస్తే, కియా సంస్థ కారెన్స్ క్లావిస్ ఇ.వి. కారును ఆంధ్రప్రదేశ్‌లోని పెనుకొండ సమీపాన గల కర్మాగారంలో తయారు చేస్తున్నది. మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో అమర రాజా సంస్థ బ్యాటరీ కర్మాగార సముదాయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది.

గమనించవలసిన అంశాలు:

విద్యుత్ కార్ల గణాంకాలను ప్రచురించే ముందు, నివేదికలలో చేర్చే ముందు ఈ క్రింది అంశాలను సరిచూసుకోవడం మంచిది.

1. అంకె కార్లకు మాత్రమే సంబంధించినదా, అన్ని విద్యుత్ వాహనాలకా?
2. అది డీలర్లకు పంపిన సంఖ్యా, రిజిస్టర్ అయిన సంఖ్యా? ఎగుమతులు కలిసి ఉన్నాయా?
3. అది క్యాలెండర్ సంవత్సరానిదా, ఆర్థిక సంవత్సరానిదా?
4. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వాహనాలు లెక్కలో ఉన్నాయా?
5. ఏ రాష్ట్రాల లెక్కలు చేరలేదు? పోల్చుతున్న రెండు కాలాలలోనూ అవే రాష్ట్రాలు ఉన్నాయా?
6. వాటాతోపాటు అసలు సంఖ్యను కూడా ఇచ్చారా?
7. ఆ నెలకు ముందు, వెనుక రాయితీ లేదా పన్ను మార్పు ఏదైనా జరిగిందా?
8. ప్రకటించిన ధరలో బ్యాటరీ చేరి ఉన్నదా?

లక్షల రూపాయలు వెచ్చించి కారు కొనే కుటుంబం పత్రికలో చదివిన వార్తపై ఆధారపడుతుంది. ఎక్కడ ఎన్ని ఛార్జింగ్ కేంద్రాలు నెలకొల్పాలో, పన్ను మినహాయింపును ఎంతకాలం కొనసాగించాలో నిర్ణయించే అధికారి తన ముందున్న పట్టికపై ఆధారపడతాడు. ఆ వార్త, ఆ పట్టిక దేనిని కొలుస్తున్నవో స్పష్టంగా పేర్కొన్నప్పుడే ఇరువురికీ మేలు జరుగుతుంది.